రెండు చిట్టాలు

పోయిన సంక్రాంతికి తెనాలిలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది సామాను దించుతుంటే, ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం ఒకటి బయటపడింది. దుకాణాల్లో పద్దులు రాసుకునే రకం. మా వీధి చివర తాలింఖానా మూతబడ్డ రోజున, "పాత కాగితాలవాడికి వెయ్యడానికి చేతులు రావడంలేదురా, నీ దగ్గరుంచు" అని వస్తాదుగారు నా చేతిలో పెట్టిన చిట్టా అది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పుస్తకం సంగతి నేనూ మరచిపోయాను.

మొదటి పుటల్లో దండాలు, బస్కీలు, గదలు తిప్పడం. "దండాలు 200, బస్కీలు 500" వంటి పద్దులు. ఇరవై పుటలు దాటాక ఇనుము ప్రవేశిస్తుంది. దండేనికి అటూ ఇటూ బిళ్ళలు తొడిగి ఎత్తిన బరువులు, ఎన్నిసార్లు ఎత్తారో ఆ సంఖ్యలు. నెలాఖరున ఒక పరీక్ష ఉండేది. దానికి వేరే పుట, అడ్డగీతలు, నిలువు గీతలు: పేరు, ఊరు, ఒంటి బరువు, స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. చుట్టుపక్కల పల్లెల నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు కనుక ఊరికి కూడా ఒక గడి.

ఆ గడి గురించి చెప్పడానికే ఈ టపా. అయితే అక్కడికి చేరే ముందు, మన వాళ్ళు బలాన్ని కాగితం మీద పెట్టడం ఎప్పుడు నేర్చారో కొంచెం చూడాలి.

మనకు బలం ఎప్పుడూ ఒక కథ. భీముడి బలం ఎన్ని మణుగులని ఎవరూ అడగలేదు. కోడి రామమూర్తి నాయుడుగారి విషయమూ ఇంచుమించు అంతే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగి 1942లో కన్నుమూసిన ఆ మహాబలుడు గొలుసులు తెంచాడని, కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపాడని, రొమ్ము మీద ఏనుగును నిలిపాడని మా తాతల తరం చెప్పుకునేది. చూసినవాళ్ళు ఉన్నారు, నమ్మదగిన మాటలే. కానీ గొలుసు తెగడానికి ఎంత బలం పట్టిందో, ఆ ఏడాది చూపిన బలం నిరుటి కన్న ఎంత ఎక్కువో చెప్పే కాగితం లేదు. సర్కస్‌లో బలం ప్రదర్శన. చూసేవాడికి కావలసింది ఆశ్చర్యం, కొలత కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలలోనూ ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేకపోయారు అన్నదే ప్రశ్న. రాయి పెరగదు, తరగదు. ఎత్తినవాడు మొనగాడు, ఎత్తలేనివాడు మళ్ళీ ఏడాది రావాలి. ఈ మధ్యనున్న ఏడాదిలో అతడు ఎంత దూరం నడిచాడో రాయి చెప్పదు.

విచిత్రమేమిటంటే, మనుషుల బలాన్ని కథగా వదిలేసిన మనవాళ్ళు పశువుల బలాన్ని మాత్రం శ్రద్ధగా కొలిచారు. మా అమ్మ పుట్టిల్లు రేపల్లె దగ్గర ఒక పల్లె. వేసవి సెలవులకు తెనాలిలో రేపల్లె బండి ఎక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి వెళ్ళేవాళ్ళం. తాతయ్యకు ఒంగోలు ఎడ్లంటే ప్రాణం. బండలాగుడు పోటీలకు ఎడ్లను తోలుకుపోయేవాడు. ఆ పోటీల నియమాలు తెలియనివారి కోసం చెబుతాను. బండ బరువు నిర్ణయమై ఉంటుంది, సమయం నిర్ణయమై ఉంటుంది. ఆ సమయంలో జత ఎంత దూరం లాగిందో అడుగులతో కొలుస్తారు. చిన్న గిత్తలను పెద్ద ఎడ్లతో కట్టరు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన పెద్ద జతలు. బరువు, కాలం, దూరం, తరగతి. ఈ నాలుగూ ఉంటే అది కొలత. తాతయ్య గోడ కేలండరు వెనక పెన్సిలుతో రాసుకునేవాడు: ఫలానా ఊరు, ఫలానా బండ, ఇన్ని అడుగులు. "నిరుడు మీ జతకు మూడో బహుమతి కదా, ఇప్పుడూ మూడోదే, ఏం పెరిగింది తాతయ్యా?" అని ఒకసారి అడిగితే, కేలండరు తిప్పి చూపించాడు. అడుగులు పెరిగాయి. బహుమతి ఊరిది, అడుగులు మనవి అన్నాడు.

మనుషుల విషయంలో ఈ లెక్క మన ప్రాంతంలో అందరికీ తెలిసేలా చేసినవారిలో కృష్ణా జిల్లా గండిగుంటకు చెందిన దండమూడి రాజగోపాలరావుగారు ముఖ్యులు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ విభాగంలో కాంస్య పతకం తెచ్చారు. జనం మాత్రం ఆయనను 1963 నాటి 'నర్తనశాల'లో భీముడిగానే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. కిలోల లెక్కతో పతకం తెచ్చినాయన మళ్ళీ కథలోకే వెళ్ళిపోయారు!

బరువును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఒళ్ళు కూడా పెరుగుతుందన్న సంగతి పాతదే. రోజూ దూడను మోస్తూ, అది ఎద్దయ్యేదాకా మోశాడని గ్రీకులు తమ మల్లుడు మైలో గురించి చెప్పుకున్నారు. కానీ దాన్ని చిట్టాగా మార్చినవాడు థామస్ డిలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికుల చేత బరువులు ఎత్తించాడు. సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగిన బరువు ఎంతో కనిపెట్టడం, ఆ బరువును ఆధారం చేసుకుని వ్యాయామం ఇవ్వడం, కొన్నాళ్ళకు మళ్ళీ పరీక్షించి కొత్త సంఖ్య రాయడం: ఇదీ అతడి పద్ధతి. 1945లో దాన్ని ప్రచురించాడు. నేటి వ్యాయామశాలల్లో పది చొప్పున మూడు విడతలు చెయ్యమనే మాట ఆ ఆసుపత్రి నుంచి వచ్చిందే. సైనికుడి మోకాలు బాగుపడిందా లేదా అన్నది అతడి మాట మీద, డాక్టరు మాట మీద ఆధారపడలేదు. కాగితం మీది సంఖ్య చెప్పింది.

మా వస్తాదుగారికి డిలార్మ్ పేరు తెలియదు. కానీ ఆయన చిట్టాలో ఆ నీతే ఉంది. వారానికి ఒకసారి దండేనికి అటొకటి, ఇటొకటి 1.25 కిలోల బిళ్ళలు తగిలించేవారు. మొత్తం రెండున్నర కిలోలు. కొత్తగా వచ్చిన కుర్రాడికి అదంతా తమాషాగా ఉండేది. వారానికి రెండున్నర అంటే ఏడాదికి నూట ముప్ఫై కిలోలు, రెండేళ్ళలో ప్రపంచ విజేతనవుతాననుకునేవాడు. నేనూ అనుకున్నాను. మూడు నాలుగు నెలలకు లెక్క ఆగిపోతుంది. అక్కడే చిట్టా అవసరం మొదలవుతుంది. బరువు పెరగకపోయినా, అదే బరువు నాలుగుసార్లు కాక అయిదుసార్లు లేచిందా? విడతకూ విడతకూ మధ్య విశ్రాంతి తగ్గిందా? ఒంటి బరువు తగ్గినా ఎత్తిన బరువు నిలిచిందా? ముందురోజు నిద్ర ఎంత? మోకాలు నొప్పి ఉందా? ఇవన్నీ రాయించేవారు. మూడు వారాలు పెంచి, నాలుగో వారం కావాలని తగ్గించి చేయించేవారు. "పొలానికి కూడా తీరిక ఇస్తాం కదరా" అనేవారు. సోవియట్ శిక్షకులు ఇదే సంగతిని శాస్త్రంగా రాశారని నేను చాలా కాలం తర్వాత చదివాను.

ఆయన దగ్గర ఇంకొక సూత్రం ఉండేది. అయిదుసార్లు ఎత్తిన బరువు తెలిస్తే, ఒక్కసారి గరిష్ఠంగా ఎంత ఎత్తగలడో చెప్పేవారు. ఆరో వంతు కలుపు అనేవారు. 120 కిలోలు అయిదుసార్లు ఎత్తినవాడు ఒకసారికి 140 ఎత్తుతాడు. 1985లో ఎప్లీ అనే అమెరికన్ శిక్షకుడు ఇచ్చిన సూత్రంతో లెక్కవేసినా సరిగ్గా ఇదే వస్తుంది: ఎత్తిన సార్లను ముప్ఫైతో భాగించి, ఒకటి కలిపి, బరువుతో హెచ్చవేయడం. వస్తాదుగారు దాన్ని ఎక్కడ పట్టారో అడగలేదు. బహుశా ఆ ఎర్ర పుస్తకం లోంచే, ఏళ్ళ తరబడి రాసిన పద్దులను చూసి పట్టి ఉంటారు.

రెండున్నర కిలోల విలువ తెలియనివారికి ఒక్క ఉదాహరణ చాలు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. వాళ్ళ ఒంటి బరువులో తేడా వాళ్ళిద్దరినీ విడదీసింది. మల్లీశ్వరికీ వాళ్ళకూ మధ్య దూరం మా వస్తాదుగారి రెండు చిన్న బిళ్ళలు. అప్పట్లో పోటీల్లో బరువు రెండున్నర లెక్కనే పెరిగేది. 2005 నుంచి కిలో లెక్కన పెంచవచ్చు. అందుకే పాత ఫలితాల్లో 242.5 వంటి సంఖ్యలు, కొత్తవాటిలో 151, 187 వంటి సంఖ్యలు కనిపిస్తాయి.

ఈ 151, 187 నేను ఊరికే చెప్పలేదు. వాటి దగ్గరికి వెళ్ళాలంటే తెనాలి నుంచి చీరాల వైపు బండెక్కాలి.

తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల. బాపట్ల దాటాక ఒక చిన్న స్టేషను: స్టువర్టుపురం. మా చిన్నప్పుడు బండి అక్కడికి వస్తోందనగానే పెట్టెలో జనం సంచులు దగ్గరికి లాక్కునేవారు. ఎవరో ఒకరు "జాగ్రత్తండోయ్" అనేవారు, మిగిలినవారు నవ్వేవారు. ఆ నవ్వు వెనక ఉన్న చరిత్ర నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి ప్రాంతాలకు చేరవేసి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్ముకుని బతికినవారు ఎరుకలవారిలో ఎందరో. అంటే బరువులు మోయడమే వారి జీవనం. రైలు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం బిగిసి, ఆ వర్తకం కూలిపోయింది. దారుల మీద తిరిగే మనుషులను తెల్లదొరలు అనుమానంగా చూశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఒక కులంలో పుట్టడమే చిట్టాకెక్కడానికి చాలు. వేలిముద్రలు తీసుకోవచ్చు. నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలనవచ్చు. ఒక చోట కట్టడి చేయవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీయనూ వచ్చు. అలాంటి సెటిల్‌మెంట్లలో ఒకటిగా, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యే రోజుల్లో స్టువర్టుపురం వెలసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివారి కష్టం పొలాలకూ, చీరాల పొగాకు కంపెనీకీ పనికి వచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా చిట్టా పోలేదు. గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970ల నుంచి ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేశారు. మరోవైపు 1991లో చిరంజీవి నటించగా, యండమూరి దర్శకత్వంలో 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్' సినిమా వచ్చింది. ఊరి పేరు రాష్ట్రమంతా మారుమోగింది, ఎప్పటి అర్థంతోనే.

ఆ ఏడాదే చీరాలలో ఒక పోటీకి మా తాలింఖానా నుంచి అయిదుగురం వెళ్ళాం. మాలో ఒకతను మాట తక్కువ మనిషి. ఒంటి బరువు అరవై ఏడు. అతడి పద్దులు ఎవరివీ లేనంత శుభ్రంగా ఉండేవి. నిద్రపోయిన గంటలతో సహా. అంతకుముందు వారం 120 కిలోల స్క్వాట్ అయిదుసార్లు చేశాడు. "140 వస్తుంది పో" అన్నారు వస్తాదుగారు. చీరాలలో 140 వచ్చింది. రాత్రి బండిలో తిరిగి వస్తున్నాం. స్టువర్టుపురం స్టేషను దగ్గర బండి నెమ్మదించింది. గెలిచిన ఉత్సాహంలో ఉన్నాను. "అరేయ్, కప్పు లోపల పెట్టండ్రా, సినిమా చూశారుగా" అన్నాను. అందరూ నవ్వారు. అతడు నవ్వాడో లేదో నేను చూడలేదు. అతడి ఊరు బాపట్ల అని మాకు తెలుసు. అలాగే చెప్పేవాడు.

తర్వాత మరో నెల వచ్చాడు, ఆపైన రావడం మానేశాడు. ఉద్యోగం దొరికిందేమో అనుకున్నాం.

ఈ సంక్రాంతికి ఆ నెలాఖరు పుటలు తిరగేశాను. ఒక్కొక్క నెలా అతడి పేరు, పక్కన 'బాపట్ల'. స్క్వాట్ 125, 127.5, 127.5, 132.5. పోటీ తర్వాతి నెల పుట ఒక్కటే వేరుగా ఉంది. స్క్వాట్ 142.5. ఊరు గడిలో, అదే గుండ్రని దస్తూరీతో, 'స్టువర్టుపురం'. వస్తాదుగారు చూసే ఉంటారు, ఆ పద్దు కింద సంతకం ఉంది. నేను ఆ పుట మీద నా సంఖ్యలు రాసుకున్నాను. రెండు వరసల పైన ఉన్న గడిని చదవలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పుస్తకం మా అటక మీదే ఉంది.

ఇప్పుడు ఆ 151, 187 సంగతి. 2018 ఏప్రిల్ 7న ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో రాగాల వెంకట రాహుల్ స్నాచ్ 151, క్లీన్ అండ్ జెర్క్ 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం గెలిచాడు. రెండో స్థానంలోని సమోవా వీరుడు డాన్ ఒపెలోగె ఎత్తింది 331. రాహుల్ పుట్టింది స్టువర్టుపురంలో, 1997లో. హకీంపేట క్రీడా పాఠశాలలో తయారయ్యాడు. 2014లో చైనాలోని నాన్జింగ్‌లో యువ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. ఇంకొక సంఖ్య కూడా చూడండి. 2017 సెప్టెంబరులో అదే గోల్డ్ కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్‌లో అతడు ఎత్తింది 156, 195, మొత్తం 351. స్వర్ణం తెచ్చిన 338 తన సొంత లెక్కకు పదమూడు కిలోలు తక్కువ! బహుమతి ఊరిది, అడుగులు మనవి అన్న తాతయ్య మాట అప్పుడు గుర్తొచ్చింది. లోకానికి 338 తెలుసు. 351 దాకా నడిచిన దారి అతడి సొంత పుస్తకంలో ఉంటుంది.

ఆ ఊరి పిల్లవాడు ఒక చిట్టాలోకి ఎక్కడానికి వందేళ్ళ కిందట ఏమీ చేయనక్కర లేకపోయింది, పుడితే చాలు. ఆ చిట్టాలోంచి బయటపడడానికి ఏం చేసినా చాలలేదు. ఈ రెండో చిట్టా అలాంటిది కాదు. దానికి పుట్టుకతో పని లేదు; ముగ్గురు న్యాయనిర్ణేతలు, తెల్లదీపం, కిలోల సంఖ్య. అది కూడా మనిషిని కొలుస్తుంది. కానీ దాన్ని పెంచడం ఆ మనిషి చేతుల్లోనే ఉంది. అయితే ఒక పతకంతో మొదటి చిట్టా చిరిగిపోయిందని చెప్పే ధైర్యం నాకు లేదు. 2023లో కూడా ఆ ఊరి దొంగ కథతో పెద్ద సినిమా వచ్చింది. రాహుల్ మీద రాలేదు.

ఈ రోజుల్లో కుర్రాళ్ళు ఫోనులోనే బరువులు నమోదు చేసుకుంటున్నారు. గీతలు, రేఖాపటాలు అదే గీసి పెడుతుంది. మంచిదే. ఎవరు ఎక్కడ రాసినా తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఒళ్ళు ఎలా ఉంది అన్న నాలుగూ దాచకుండా రాసుకోమని మాత్రం చెబుతాను. ఎత్తలేకపోయిన రోజును కూడా రాయాలి. మా వస్తాదుగారి పుస్తకంలో అడ్డంగా గీత కొట్టిన పద్దు ఒక్కటీ లేదు.

ఆ మిత్రుడు ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. పేరు ఇక్కడ రాయడం న్యాయం కాదు. ఒకవేళ ఎప్పుడైనా ఈ పుట అతడి కంట పడితే, 142.5 చూశాను అని చెప్పాలి. ఊరు కూడా చదివాను. పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది, అడిగితే పంపిస్తాను.

మీ ఊళ్ళ తాలింఖానాల్లో ఇలాంటి చిట్టాలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఒక్కసారి తిరగేయండి. ఊరు గడి కూడా చదవండి.